పాత బేస్‌బాల్ గ్లవ్ బాగుచేయమంటే దాని ఆనవాళ్లే తుడిచేశాడు: జాగ్రత్త

అమెరికాలో ఉంటూ పాత గ్లవ్‌లు సేకరించే మన తెలుగువాళ్లం చాలామందిమి మరమ్మతుకు పంపేది ఒక్కరికే కనుక, ఆయన పేరు నేను చెప్పనక్కర లేదు. బిల్ డోక్ అనే పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడి పేరుతో రాలింగ్స్ సంస్థ అమ్మిన నా గ్లవ్‌కు తెగిపోయిన తోలు తాళ్లు మార్చి, పైపైన దుమ్ము తుడిచి పంపమన్నాను. రంగు వేయవద్దనీ, లేబుల్ జోలికి పోవద్దనీ కాగితం మీద రాసి మరీ జతచేశాను. నిన్న సాయంత్రం పార్సిల్ విప్పితే ముదురు రంగు పూసిన, నూనె ఓడుతున్న తోలు బయటపడింది. అరచేతి గుంటలో లీలగానైనా చదవగలిగిన డోక్ సంతకపు ముద్ర లేదు. మణికట్టు పట్టీ మీది గుడ్డ లేబుల్‌ను కుట్లు విప్పి తీసేశాడు.

లేబుల్ ఏదని వెంటనే ఫోన్ చేసి అడిగాను. "చిరిగిన గుడ్డముక్క, చెత్తలో వేశాను, ఇప్పుడు మీ గ్లవ్ కొత్తదానిలా ఉంది, సంతోషించండి" అన్నాడు. నేను రాసిచ్చిన కాగితం సంగతి ఎత్తితే, అలాంటివి చదువుతూ కూర్చునే తీరిక తనకు లేదని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా కోపం చల్లారడం లేదు.

అతడు చెత్తలో వేసింది ఆ గ్లవ్ వయసును. డోక్‌కు ముందు గ్లవ్‌లలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక తోలుపట్టీ మాత్రమే ఉండేది. దాని స్థానంలో తోలుతాళ్ల అల్లిక పెడితే బంతి నిలిచే లోతైన గుంట ఏర్పడుతుందన్నది సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) బిల్ డోక్ ఆలోచన. దానికి 1922లో పేటెంట్ వచ్చింది. అయితే రాలింగ్స్ సంస్థ ఆ పేరుతో దశాబ్దాల పాటు గ్లవ్‌లు అమ్మింది కనుక, డోక్ పేరు కనిపించినంత మాత్రాన అది ఏ కాలానిదో చెప్పలేము. ముద్రలోని అక్షరాల తీరు, మోడల్ నంబరు, లేబుల్ రూపం, అంచుల కుట్టు, వేళ్లను ఒకదానితో ఒకటి కలిపే లేసు ఉన్నదా లేదా అన్న సంగతి, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కాలం తేలుతుంది. నా గ్లవ్‌కు వేళ్ల మధ్య లేసు లేకపోవడం వల్ల తొలినాళ్లదని అనుకున్నాను. ఆ అనుమానాన్ని తేల్చవలసిన ముద్ర, లేబుల్ రెండూ పోయాయి. ఇంకిపోయిన నూనెను పూర్తిగా వెనక్కి తీయలేము, తోలులోకి దిగిన రంగు వదలదు. ఇకపై దీన్ని ఎవరికి చూపినా నా మాట తప్ప వేరే సాక్ష్యం లేదు.

మీ గ్లవ్‌ను ఎవరి చేతికైనా ఇచ్చే ముందు పక్కనుంచి దీపం పెట్టి ముద్రలకు, లేబుల్‌కు ఫొటోలు తీసుకోండి. తీసేసిన ప్రతి ముక్కనూ తిరిగి ఇస్తానని వారి చేత రాయించుకోండి. దుమ్ము వదిలించడానికే అయితే బయటికి పంపకండి, తడి పిండేసిన గుడ్డ మీద కొద్దిగా శాడిల్ సబ్బు (తోలు శుభ్రం చేసే సబ్బు) చాలు.