కదిలే విడ్జెట్లు బ్యాటరీని ఎంత తింటాయి? చాలాకాలం వాడాక

సెకన్ల ముల్లు తిరిగే గడియారం, ఐదు సెకన్లకోసారి మారే ఫొటోలు, మేఘాలు కదిలే వాతావరణం. ఆండ్రాయిడ్ హోమ్ స్క్రీన్‌పై ఈ మూడు రకాల విడ్జెట్లూ (యాప్ తెరవకుండానే సమాచారం చూపే చిన్న పెట్టెలు) చాలాకాలం వాడాక నా తీర్పు ఇది: కంటికి కనిపించే కదలిక తినేది తక్కువే, స్క్రీన్ ఆరిపోయాక చాటున జరిగే పనే అసలు దొంగ.

లెక్క చూడండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 3.85 వోల్టుల దగ్గర సుమారు 19 వాట్ అవర్లు. కదలిక వల్ల అదనంగా 200 మిల్లీవాట్లు పోతాయని, రోజు మొత్తం మీద హోమ్ స్క్రీన్ మనకు అరగంట కనిపిస్తుందని అనుకుందాం. ఖర్చు 0.1 వాట్ అవర్, అంటే అర శాతం. ఫోన్‌ను స్టాండ్‌లో పెట్టి హోమ్ స్క్రీన్‌ను గంటల తరబడి వెలిగించి ఉంచేవాళ్లకు మాత్రం గంటకో శాతం పోతుంది.

అయితే ఆ 200 కాస్తా 50 అవుతుందా, 500 అవుతుందా అన్నది బొమ్మ గీసేదెవరన్న దాన్ని బట్టి ఉంటుంది. సెకన్లు చూపించే టెక్స్ట్‌క్లాక్, బొమ్మలు తిప్పే వ్యూఫ్లిప్పర్ లాంటి ఆండ్రాయిడ్ రెడీమేడ్ భాగాలు లాంచర్‌లోనే (హోమ్ స్క్రీన్‌ను చూపించే యాప్) నడుస్తాయి. విడ్జెట్ యాప్ లేవనక్కర్లేదు. స్క్రీన్ ఆరినా, పైన వేరే యాప్ తెరిచినా తిప్పడం ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ముళ్ల గడియారంలో సెకన్ల ముల్లూ ఇలాగే లాంచరే గీస్తుంది. సొంత డిజైన్ల కోసం ప్రతి ఫ్రేమునూ బిట్‌మ్యాప్‌గా (పిక్సెళ్ల బొమ్మగా) గీసి పంపే యాప్‌ల సంగతి వేరు. 1000×500 పిక్సెళ్ల విడ్జెట్ ఒక్క ఫ్రేముకు 2 ఎంబీ. సెకనుకు పది ఫ్రేములంటే 20 ఎంబీ. యాప్ గీయాలి, లాంచర్ అందుకోవాలి, మళ్లీ జీపీయూకి (గ్రాఫిక్స్ చిప్) ఎక్కించాలి. ఫోన్ వేడెక్కేదీ, స్క్రోలింగ్ తడబడేదీ ఇక్కడే.

బ్యాటరీ పేజీని నమ్ముకుంటే ఇక్కడ దెబ్బతింటాం. లాంచర్ గీసినదంతా లాంచర్ ఖాతాలోకో స్క్రీన్ ఖాతాలోకో పోతుంది. సొమ్మొకడిది సోకొకడిది! విడ్జెట్ యాప్ పేరు ఎదురుగా 0 శాతం కనిపించినంత మాత్రాన అది అమాయకురాలు కాదు.

ఎల్‌టీపీఓ డిస్‌ప్లే (అవసరాన్ని బట్టి రిఫ్రెష్ రేటు మార్చుకునే తెర) ఉంటే ఇంకో ఖర్చు. స్క్రీన్ కదలకుండా ఉంటే ఆ ప్యానెళ్లలో కొన్ని 1 హెర్ట్జ్ (సెకనుకు ఒక్కసారి) దాకా దిగుతాయి. ఐదు సెకన్లకోసారి ఫొటో జరిగితే రేటు మళ్లీ పైకెక్కి, దిగడానికి కాస్త సమయం తీసుకుంటుంది. డెవలపర్ ఆప్షన్లలో రిఫ్రెష్ రేట్ చూపించే స్విచ్ వేస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది. ఫొటోల వ్యవధిని 30 సెకన్లకు పెంచితే చాలావరకు తగ్గుతుంది. అదే మెనూలో యానిమేటర్ స్కేల్ (కదలికల వేగం మార్చే సెట్టింగ్) ఆపేస్తే సరిపోతుందని చాలామంది చెబుతుంటారు. వ్యూఫ్లిప్పర్ టైమర్‌కు దానితో సంబంధం లేదు, బొమ్మలు మారుతూనే ఉంటాయి.

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. విడ్జెట్‌కు సిస్టమ్ ఇచ్చే అప్‌డేట్ వ్యవధి కనీసం 30 నిమిషాలు, అంటే రోజుకు 48 సార్లు. అది చాలక కొన్ని యాప్‌లు సొంత అలారాలు పెట్టుకుంటాయి. డోజ్‌లో (వాడకుండా పక్కన పెట్టిన ఫోన్ వెళ్లే గాఢ నిద్ర) ఉన్నా కూడా కొన్ని రకాల అలారాలు 9 నిమిషాలకోసారి ఫోన్‌ను లేపగలవు. మొబైల్ డేటా మీద లేచిన ప్రతిసారీ రేడియో పని అయిపోయాక కూడా కొన్ని సెకన్లు మెలకువగానే ఉంటుంది. విడ్జెట్ మధ్యలో ఆగిపోతోందని యాప్‌ను బ్యాటరీ సెట్టింగుల్లో అన్‌రిస్ట్రిక్టెడ్‌లో పెట్టామా, ఈ తలుపు మనమే బార్లా తెరిచినట్టు. వాతావరణానికి గంటకోసారి, వైఫైలో మాత్రమే అని పెట్టుకుంటే లోటేమీ తెలియదు.

మీ ఫోన్‌లో కొలవాలంటే శాతాలు పనికిరావు. ఆటో బ్రైట్‌నెస్ ఆపి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో వైఫై ఒక్కటే ఉంచి, స్క్రీన్ టైమౌట్‌ను 30 నిమిషాలు చేయండి. వైర్‌లెస్ డీబగింగ్‌తో, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీ కలిపి (కేబుల్ పెడితే ఛార్జ్ అవుతుంది) డంప్‌సిస్ బ్యాటరీ అనే ఆదేశంలో ఛార్జ్ కౌంటర్ అంకె రాసుకోండి. అరగంట హోమ్ స్క్రీన్ అలాగే వదిలి మళ్లీ చూడండి. తర్వాత విడ్జెట్ తీసేసి అదే వాల్‌పేపర్‌తో ఇంకో అరగంట. అంకె మైక్రో ఆంపియర్ అవర్లలో వస్తుంది, వెయ్యితో భాగిస్తే ఎంఏహెచ్. స్క్రీన్ ఆరినప్పటి సంగతి డంప్‌సిస్ అలారం ఆదేశంలో చూడాలి, అక్కడ ఏ యాప్ ఎన్నిసార్లు లేపిందో ఉంటుంది.

ఐఫోన్‌లో ఈ బెడద తక్కువ. తరచూ చూసే విడ్జెట్‌కు రోజుకు మామూలుగా 40 నుంచి 70 రిఫ్రెష్‌లే ఇస్తారు. 2023లో ఐఓఎస్ 17తో వచ్చిన యానిమేషన్లకూ 2 సెకన్ల గరిష్ఠ పరిమితి ఉంది.

నా హోమ్ స్క్రీన్‌లో సెకన్ల గడియారం ఉంది, ఫొటోలు నెమ్మదిగా మారతాయి. మేఘాల విడ్జెట్ తీసేసి, నొక్కితేనే అప్‌డేట్ అయ్యేది పెట్టుకున్నాను.