నీస్ నుంచి మాంతోన్ దాకా: రైలు ఎక్కుతూ దిగుతూ ఒక రోజు

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నుంచి ఇటలీ సరిహద్దు దాటి వెంతిమిల్యా దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ వెళ్లే రైలు మార్గం 40 కిలోమీటర్లకు మించదు. రెండు కొసలనూ కలిపి స్టేషన్లు మాత్రం పన్నెండు. ఇంత దగ్గరదగ్గరగా ఉన్నాయి కదా అని అన్నీ ఒకే రోజులో చుట్టేయాలని బయల్దేరితే, సాయంత్రానికి ప్రతి ఊళ్లోనూ స్టేషనూ దాని ముందున్న వీధీ మాత్రమే చూసినట్టు తేలుతుంది. నాలుగు చోట్ల దిగితే చాలు. ఎండ ముదరకముందే ఎజ్ కొండ, భోజనం వేళకు మోనాకో, తర్వాత మాంతోన్, తిరుగు దారిలో ఈతకు విల్‌ఫ్రాంష్. ఈ వరుస తిరగేస్తే మిట్టమధ్యాహ్నం కొండెక్కాలి, తడి బట్టలతో ఊళ్లు తిరగాలి.

నీస్‌కు పడమట ఉన్న టెక్నాలజీ పార్కు సోఫియా ఆంటిపోలిస్ క్యాంపస్‌లలో చదివేవాళ్లకు ఆంటీబ్ స్టేషన్ దాకా బస్సు, అక్కణ్నుంచి రైలు తేలిక. నీస్‌లో ఉన్నవాళ్లు నీస్-విల్ స్టేషన్‌లో పొద్దున ఏడున్నర ప్రాంతంలో బండి ఎక్కితే మంచిది. బోర్డు మీద ‘వెంతిమిల్యా’ అని గానీ, దాని ఫ్రెంచ్ పేరు ‘వాంతిమీల్’ అని గానీ ఉంటుంది. రెండూ ఒకటే ఊరు. అయితే ప్రతి బండీ ఎజ్‌లో ఆగదు, కాబట్టి స్టేషన్ల జాబితా చూసుకునే ఎక్కండి. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే ఉంటుంది.

టికెట్ స్టేషన్ మెషిన్‌లో గానీ ఫ్రెంచ్ రైల్వే సంస్థ ఎస్‌ఎన్‌సీఎఫ్ యాప్‌లో గానీ కొనండి. నీస్ నుంచి మోనాకోకు ఒకవైపు 5 యూరోల ప్రాంతంలో ఉంటుంది. నాలుగు చోట్ల దిగితే నాలుగు టికెట్లు, పైగా తిరుగు ప్రయాణం. ఈ ప్రాంతంలోనే చదువుతూ 26 ఏళ్లు నిండనివాళ్లు ‘జూ ఎట్యూడ్’ అనే ఏడాది పాస్ గురించి ముందే కనుక్కోవాలి. నెలకు రెండు మూడు సార్లు తిరిగేవాళ్లకు ఇంతకంటే లాభమైనది లేదు.

రైలుకు బదులు నీస్ రేవు దగ్గర బయల్దేరే 607 నంబరు బస్సు కూడా ఉంది. పాతవాళ్లు దీన్ని ఇప్పటికీ 100 నంబరు బస్సు అంటారు. చవక, కొండ అంచునే వెళ్తుంది కాబట్టి దృశ్యాలూ బాగుంటాయి. కానీ రైల్లో పాతిక నిమిషాల్లోపు చేరే మోనాకోకు దీనిలో ముప్పావు గంట పడుతుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. సాయంత్రం మోనాకో నుంచి వచ్చే బస్సులు నిండిపోయి, మధ్య స్టాపుల్లో ఆగకుండానే వెళ్లిపోతుంటాయి. ఈ బస్సు ఎక్కాలనుకుంటే పొద్దున నీస్‌లోనే ఎక్కండి, తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకోవద్దు.

ఎజ్ దగ్గర చాలామంది పొరబడతారు. స్టేషన్ సముద్రం ఒడ్డున ఉంటుంది, చూడాల్సిన పాత ఊరు సుమారు 400 మీటర్ల ఎత్తున కొండమీద ఉంటుంది. పైకి 83 నంబరు బస్సు ఉంది గానీ దాని వేళలు రైలు వేళలతో చాలాసార్లు కలవవు. నడిచేవాళ్లకు, స్టేషన్ ముందున్న రోడ్డు దాటితే దగ్గర్లోనే నీషే కాలిబాట మొదలవుతుంది. జర్మన్ తత్త్వవేత్త నీషే 1880లలో ఈ దారిన నడిచేవాడు, పేరు అందుకే వచ్చింది. మామూలుగా నడిచేవాళ్లకు గంట నుంచి గంటన్నర పడుతుంది. దారిలో నీళ్లు దొరకవు, మనిషికి లీటరున్నర తీసుకెళ్లాలి. సున్నపురాయి ముక్కలు కాలికింద దొర్లుతుంటాయి, వాన పడ్డ మర్నాడు నున్నగా జారతాయి. చెప్పులతో ఎక్కడం ఎలాగోలా కుదిరినా దిగేటప్పుడు చీలమండ మెలిపడుతుంది. పట్టున్న బూట్లు తప్పనిసరి.

తొమ్మిదింటికల్లా పైకి చేరితే రాతి సందులన్నీ ఖాళీగా ఉంటాయి. పది దాటాక టూరు బస్సులు వస్తాయి, ఆ ఇరుకు మెట్లమీద ఎదురెదురుగా ఇద్దరు తప్పుకోవడమే కష్టం. ఊరి కొసన, శిథిలమైన కోట చుట్టూ నాగజెముళ్లు, కలబంద జాతి మొక్కల తోట ఉంది. ప్రవేశ రుసుము పెట్టదగినది అదొక్కటే, ఎందుకంటే ఆ తీరం మొత్తం కనిపించేది అక్కణ్నుంచే. దిగడానికి ముప్పావు గంట చాలు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మాత్రం దిగేటప్పుడు బస్సే నయం.

మోనాకోకు రెండు గంటలు సరిపోతాయి. దేశం మొత్తం 2 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, కానీ అంతా ఎగుడుదిగుడు. స్టేషన్ కొండ లోపల ఉంటుంది, బయటికి దారులు చాలా. రాజభవనం వైపు ఉన్న దారి పట్టకపోతే చుట్టు తిరగాలి. ఊరంతా ఉచిత లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, బోర్డులు చూసి వాడుకోండి. భవనం ముందు కాపలాదారులు మారడం 11:55కి. ముందు వరసలో నిలబడాలంటే అరగంట ముందు రావాలి, అందుకోసం ఎజ్‌లో తొందరపడటం నష్టమే. 1910లో తెరిచిన సముద్ర మ్యూజియం నిజంగా గొప్పది. అయితే టికెట్ 20 యూరోలకు అటూ ఇటూ, రెండు గంటల సమయం కావాలి. అది చూడాలంటే మాంతోన్‌ను ఇంకో రోజుకు వాయిదా వేయండి. ఒంటిమీద చొక్కా లేకుండా, ఈత దుస్తుల్లో వీధుల్లో తిరగడానికి ఇక్కడ ఒప్పుకోరు.

భోజనానికి ప్లాస్ దార్మ్ దగ్గరున్న కొందమీన్ మార్కెట్ చూడండి. ఈ ఖరీదైన ఊళ్లో విద్యార్థి జేబుకు అందేది ఇదే. అక్కడ దొరికే సొక్క అంటే శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చిన అట్టు. మిరియాల పొడి చల్లి వేడిమీద తింటే మనవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. ఆకుకూర, జున్ను కూరి నూనెలో వేయించే బార్బాజువాన్ కూడా ఇక్కడిదే. శాకాహారులు మాత్రం నాలుగు పేర్లు గుర్తుంచుకోవాలి. పిస్సలాదియేర్ అనే ఉల్లిపాయల రొట్టె మీద ఆంచొవీ చేపలుంటాయి, ‘సాన్ జాన్షువా’ (ఆంచొవీ లేకుండా) అని అడగాలి. పాన్ బన్యా అనే శాండ్‌విచ్‌లో ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. నీస్ తరహా రావియోలీలో గొడ్డుమాంసం ఉంటుంది. సలాడ్ నిస్వాజ్‌లోనూ చేప ఉంటుంది.

మాంతోన్‌కు రైల్లో పదిహేను నిమిషాల లోపే. ఈ తీరంలో తాపీగా తిరగదగిన ఊరు ఏదంటే మా ఓటు దీనికే. పసుపు, నారింజ రంగు ఇళ్లు మెట్లు మెట్లుగా సెయింట్ మిషెల్ బసిలికా దాకా ఎక్కుతాయి. ఇంకాస్త పైకి వెళ్తే పాత శ్మశానవాటిక, అక్కణ్నుంచి ఇటలీ కొండలు ఎదురుగా కనిపిస్తాయి. నిమ్మకాయలకు పేరున్న ఊరు. ఫిబ్రవరి, మార్చిలలో జరిగే నిమ్మ పండుగ ఆదివారాల్లో రైళ్లలో నిలబడే చోటుండదు.

ఇటలీ వైపు వెంతిమిల్యా ఇంకో పది పదిహేను నిమిషాలు. శుక్రవారం సముద్రం ఒడ్డున పెద్ద సంత జరుగుతుంది. అక్కడ నకిలీ బ్రాండు సంచులు కొంటే కొన్నవాళ్లకే జరిమానా పడుతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది కాగితాల విషయంలో. తిరిగివచ్చేటప్పుడు మాంతోన్-గారవాన్ స్టేషన్‌లో ఫ్రెంచ్ పోలీసులు బోగీల్లోకి వచ్చి తనిఖీ చేస్తారు. పాస్‌పోర్టు, అందులోని దీర్ఘకాల విద్యార్థి వీసా లేదా నివాస కార్డు అసలువే ఉండాలి. ఫోన్‌లో ఫోటో సరిపోదు. ఫ్రాన్స్‌లో అడుగుపెట్టిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో వీసాను ధ్రువీకరించుకోని వాళ్లు సరిహద్దు దాటే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఈతకు నీస్ కంటే విల్‌ఫ్రాంష్ మేలు. నీస్ తీరమంతా గుండ్రాళ్లు, నాలుగడుగులు వేయగానే లోతు, అల వెనక్కి లాగుతుంది. విల్‌ఫ్రాంష్‌లో స్టేషన్ కిందే మారినియేర్ బీచ్, ముతక ఇసుక, అఖాతం కాబట్టి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు, ఊదా జెండా అంటే కాలుష్యమో జెల్లీ చేపలో ఉన్నాయని అర్థం. పడమటి వైపు కొండ అడ్డం కావడంతో ఎండ త్వరగా తగ్గుతుంది, ఐదింటికల్లా చేరండి. ఈత అయ్యాక 13వ శతాబ్దపు ర్యూ ఓబ్స్క్యూర్ అనే కప్పున్న చీకటి వీధి చూసి, ఏడెనిమిది నిమిషాల్లో నీస్ చేరవచ్చు.

దూరం నుంచి వచ్చి రాత్రి ఉండాలంటే నీస్ స్టేషన్ చుట్టుపక్కల హాస్టళ్లు పొద్దుటి బండికి అనువు, రాత్రి గోల ఎక్కువ. రేవు దగ్గరి రిక్యే ప్రశాంతం, దానికి సొంత స్టేషన్ ఉంది. మోనాకోను ఆనుకున్న బోసొలేయ్ ఫ్రాన్స్‌లోదే, అద్దె తక్కువ, మెట్లు విపరీతం. వెంతిమిల్యా గదులు చవకే గానీ పొద్దున్నే తనిఖీ ఆలస్యం ఉంటుంది. ఎక్కడ దిగినా తలకు రోజుకింత బస పన్ను విడిగా కట్టాలి.

రైల్వే సమ్మె ఉంటే మర్నాడు నడిచే బండ్ల జాబితా ముందురోజు సాయంత్రం ఐదుకు యాప్‌లో వస్తుంది. ఎజ్‌లో ఆగేవి అందులో సగానికి పడిపోతే కొండ సంగతి వదిలేసి నేరుగా మాంతోన్‌కు వెళ్లండి.