బుల్‌ఫించ్ ‘ది ఏజ్ ఆఫ్ ఫేబుల్’: ఇంగ్లిష్ సాహిత్యం చదివేవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లిష్ ఎం.ఏ.లో చేరినవాళ్లకి మిల్టన్ దగ్గరో కీట్స్ దగ్గరో మొదట అడ్డం పడేవి పురాణ ప్రస్తావనలే. ‘శల్య సారథ్యం’ అనగానే మనకి కథంతా మెదులుతుంది కదా, గ్రీకు పేర్లు అలా మెదలవు. ఈ ఇబ్బంది తీర్చడానికే బోస్టన్‌లో బ్యాంకు ఉద్యోగి థామస్ బుల్‌ఫించ్ 1855లో గ్రీకు, రోమన్ పురాణ కథలు తిరిగి చెప్పే ఈ పుస్తకం వేశాడు. పండితులకి కాదు, ఇంగ్లిష్ సాహిత్యం చదివే మామూలు పాఠకులకని ముందుమాటలోనే చెప్పుకున్నాడు.

కథ చెప్పి, దాన్ని వాడుకున్న కవుల పంక్తులు అక్కడే ఇవ్వడం దీని అసలు బలం. ఏడో అధ్యాయంలో ప్రాసెర్పిన్ కథ చూడండి. పూలు కోసుకుంటున్న పిల్లను పాతాళ రాజు ప్లూటో ఎత్తుకుపోతాడు. తల్లి సీరీస్ లోకమంతా వెతుకుతుంది. పాతాళంలో కొన్ని దానిమ్మ గింజల రసం పీల్చిన పాపానికి ఆ పిల్లకు పూర్తి విడుదల దొరకదు. ఆదాము, ఈవ్‌ల పతనం చెప్పే ‘పారడైజ్ లాస్ట్’ నాలుగో భాగంలో, ఆ పూలు కోసిన ఎన్నా మైదానాన్ని మిల్టన్ పోలికగా తలచిన పంక్తులు కూడా అక్కడే ఉంటాయి.

కానీ ఆ పోలిక అక్కడే ఎందుకొచ్చిందో బుల్‌ఫించ్ చెప్పడు. మిల్టన్ వర్ణిస్తున్నది ఏదెను తోటని. ఈవ్ ఇంకా పండు ముట్టలేదు. పూల మధ్య ఉన్న అమ్మాయి, పాతాళం నుంచి వచ్చినవాడు, తినకూడనిది తినడం, సగమే తీరే నష్టం: జరగబోయేదంతా ఆ నాలుగైదు పంక్తుల్లో ముందే పలుకుతోంది. పరీక్షలో మార్కులు తెచ్చేది ఈ ముక్కే. కాబట్టి కథ ఇక్కడ చదివి, వెంటనే మూల కావ్యంలో ఆ పంక్తులకి ముందూ వెనకా ఇరవై పంక్తులు చదవాలి.

రెండో లోపం, సున్నితమైన చోట్ల కత్తెర వేయడం. హంస రూపంలో దేవతల రాజు జూపిటర్ స్పార్టా రాణి లీడాను చేరిన సంగతి ఇరవయ్యో అధ్యాయంలో ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. యేట్స్ కవిత ‘లీడా అండ్ ది స్వాన్’ నిలబడిందే ఆ హింస మీద. ఇక్కడ చదివి అక్కడికి వెళ్తే కవిత అర్థం కాదు. లీడా కూతురు హెలెన్ కోసం 27, ఆ కవితలో ప్రస్తావనకొచ్చే అగమెమ్నాన్ హత్య కోసం 28 అధ్యాయాలు కలిపి చదివితే కొంత నయం. ఇలాంటి కథలకి రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫసీస్’ అనువాదం ఒకటి పక్కన ఉండాల్సిందే.

పేర్లన్నీ రోమన్ వాడుకలో ఉంటాయి. జ్యూస్ కోసం జూపిటర్, అథీనా కోసం మినర్వా, ఒడిసియస్ కోసం యులిసిస్ అని వెతకండి. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. 1, 2, 7, 24 అధ్యాయాలు, తర్వాత ట్రాయ్ యుద్ధం నుంచి ఈనియస్ ప్రయాణాల దాకా 27–33 చాలు. హిందూ పురాణాల భాగం వదిలేయండి. పూరీ రథచక్రాల కింద భక్తులు పడడం లాంటి, ఆనాటి పాశ్చాత్యులు చెప్పుకున్న మాటలే అందులో ఉన్నాయి.

బైబిల్ ఇందులో లేదు, అది పెద్ద లోటే. మెల్విల్ ‘మోబీ డిక్’లో ఇష్మాయేలు, అహాబు, యోనా ఎవరో తెలియకపోతే నవల సగమే అందుతుంది. ఇష్మాయేలుకి ఆదికాండము 16, 21, అహాబుకి రాజులు మొదటి గ్రంథం 16 నుంచి 22, యోనాకి నాలుగే అధ్యాయాల ఆ చిన్న గ్రంథం. తెలుగు బైబిల్లో చదువుకున్నా కథ అందుతుంది. కానీ ఇంగ్లిష్ రచయితల చెవుల్లో మోగింది 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్ వాక్యాలు గనుక, ఆ అధ్యాయాలు ఒకసారి అందులోనూ చూడాలి.

‘ది ఏజ్ ఆఫ్ ఫేబుల్’ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, వెతుక్కోవడానికి అదే హాయి. అచ్చు ప్రతి కావాలంటే ‘బుల్‌ఫించ్స్ మైథాలజీ’ అనే లావు సంపుటం అక్కర్లేదు. అందులో అదనంగా వచ్చేవి ఆర్థర్ రాజు, షార్లమేన్ చక్రవర్తి గాథలు. చవక ప్రతి తీసుకుంటే మాత్రం చివర పేర్ల సూచిక ఉందో లేదో చూసి కొనండి. అది లేని ప్రతితో ఈ పుస్తకాన్ని వాడుకోలేరు.