హా జంగ్‌వూ సినిమాలు: మొదట ఏది చూడాలి

నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. కొరియా నటుడు హా జంగ్‌వూ బొమ్మలు కూడా వేస్తాడని తెలిసి, ఆ కుతూహలంతోనే ఆయన సినిమాలు వరసబెట్టి చూశాను. 2010 నుంచి ఎగ్జిబిషన్లు పెడుతున్నాడు. లావుపాటి గీతలు, ముదురు రంగులు, ముసుగు తొడిగినట్టుండే ముఖాలు. నేను చూసింది ఫోటోల్లోనే కాబట్టి రంగుల గురించి మాట్లాడను. గీతలో మాత్రం తడబాటు లేదు. మా పిల్లలకు ఏడాదంతా చెప్పేది అదే, రబ్బరు పక్కన పెట్టి గీయమని.

ఒక్క సినిమానే చూసే తీరికుంటే 2016లో వచ్చిన ‘టన్నెల్’ చూడండి. కార్లు అమ్మే ఉద్యోగి, కూతురి పుట్టినరోజుకి కేకు తీసుకుని ఇంటికి వెళ్తుంటాడు. దారిలో సొరంగం కూలి కారు మీద పడుతుంది. దగ్గరున్నవి ఆ కేకు, పెట్రోలు బంకులో పెద్దాయన ఇచ్చిన రెండు నీళ్ల సీసాలు, 78 శాతం చార్జింగ్ ఉన్న ఫోను. సినిమాలో చాలా భాగం నలిగిపోయిన ఆ కారు, దుమ్ము కొట్టుకుపోయిన ఒక ముఖం, అంతే. అయినా విసుగు రాదు. కొంతసేపటికి అదే సొరంగంలో ఇంకో అమ్మాయి చిక్కుకుందని తెలుస్తుంది. ఆమె నీళ్లు అడుగుతుంది. ఉన్నదే కొంచెం, ఇస్తే తన గతేంటి అన్న లెక్క ఒక్క క్షణం ఆయన కళ్లలో కనిపిస్తుంది. తర్వాత ఇస్తాడు. ఆ ఒక్క క్షణం కోసం నేను ఆ సీన్ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

బయటివాళ్లు రోజుల తరబడి తవ్వి, చివరికి తప్పు చోట తవ్వామని తెలుసుకుంటారు. కాగితం మీద ప్లాన్ ఒకటి, లోపల కట్టింది ఒకటి. అక్కడ నాకు కడుపులో తిప్పేసింది. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది లోపలే ఉండిపోయారు. ఇద్దరి మృతదేహాలే బయటికొచ్చాయి. ఆ రోజుల్లో మా స్టాఫ్ రూమ్‌లో ఇంకో మాట లేదు. సినిమా నేను అంతకుముందే చూశాను, ఆ తర్వాత మళ్లీ చూశాను. రెండోసారి ఆయన ఫోన్లో భార్యతో మామూలుగా మాట్లాడడానికి ప్రయత్నించే చోట ఇక కూర్చోలేక ఆపేసి, మర్నాడు మిగతాది చూశాను.

అది నచ్చితే 2013 నాటి ‘ది టెర్రర్ లైవ్’ చూడండి. రేడియో స్టూడియోలో ఒక్క కుర్చీ, చెవిలో ఇయర్‌పీస్, బయట వంతెన పేలుతుంటుంది. గంటన్నర టెన్షన్. 2008 నాటి ‘ది చేజర్’లో ఆయన హంతకుడు. తొందరగానే దొరికిపోయి, చంపానని పోలీసులకు ఏదో కూరగాయలు కొన్నానన్నట్టు చెప్తాడు. పిల్లలతో కలిసి చూసేది కాదు. ‘ది ఎల్లో సీ’లో అప్పుల్లో మునిగిన ట్యాక్సీ డ్రైవర్. చలిలో ఒకరి కోసం కాపు కాస్తూ ఇన్‌స్టంట్ నూడుల్స్ తింటాడు చూడండి, అప్పుడు ముఖం కాదు, చేతులు గమనించండి. ఆకలి, భయం రెండూ ఆ వేళ్లలోనే ఉన్నాయి. బొమ్మలు వేసే మనిషి చేతులని నాకు అక్కడే అర్థమైంది.

దర్శకుడిగా మాత్రం నాకు అంత నచ్చలేదు. మొదటిది 2013లో, విమానంలో జరిగే కామెడీ. మాటలు ఎక్కువ. 2015లో రక్తం అమ్ముకుని ఇల్లు నడిపే తండ్రి కథ తీసి, తానే నటించాడు. కథ చాలా పెద్దది. రెండు పనుల మధ్య ఆయన దృష్టి చీలిపోయిందనిపించింది. అయినా ఆపలేదు, 2025లో కూడా ‘లాబీ’ తీశాడు. ఆ పట్టుదల నాకు ఇష్టం. 2011లో ఒక అవార్డు వేదిక మీద, ఈసారి కూడా నాకే వస్తే దేశం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తానన్నాడు. వచ్చింది. 577 కిలోమీటర్లు నడిచాడు.

చూసేముందు ఒక్క మాట. నేను చూసిన యాప్‌లో ‘టన్నెల్’ సబ్‌టైటిల్స్ మాటల కంటే రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వచ్చాయి. మీకూ అలాగే వస్తే వేరేచోట వెతుక్కోండి. ఆ భార్యాభర్తల ఫోన్ మాటలు సమయానికి అందకపోతే సినిమా సగం పోయినట్టే.