విదేశాంగ మంత్రుల ప్రయాణాల పట్టిక: మూడేళ్లుగా క్లాసులో వాడుతున్నదాన్ని చెప్తున్నా

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకి అంతర్జాతీయ సంబంధాలు చెప్తాను. ‘షటిల్ దౌత్యం’ (ఎదురెదురుగా కూర్చోని రెండు పక్షాల మధ్య మధ్యవర్తి అటూ ఇటూ తిరిగి ఒప్పందం కుదర్చడం) అని బోర్డు మీద రాస్తే నోట్సులోకి ఎక్కేది కానీ బుర్రలోకి ఎక్కేది కాదు. అలాంటప్పుడు అమెరికా విదేశాంగ శాఖ చరిత్ర విభాగం వెబ్‌సైట్‌లో ఈ పట్టిక కనబడింది. 1866లో విలియం సివర్డ్ కరీబియన్ దీవులకు వెళ్లిన దగ్గర్నుంచి వాళ్ల విదేశాంగ మంత్రుల ప్రయాణాలన్నీ అందులో ఉన్నాయి. దేశం, ఊరు, పని, తేదీ, అంతే. మంత్రి పేరుతోనూ దేశం పేరుతోనూ చూడొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

నేను ఎక్కువగా వాడేది అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ 1974 నాటి పేజీ. ముందు దాన్ని చూపించను. పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టి, ‘మంత్రిగారి పర్యటన షెడ్యూల్ వేసేది మీరే. గోలన్ కొండల మీద సిరియా, ఇజ్రాయెల్ సైన్యాల్ని విడదీయాలి. ఆ రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చోవు. ఎక్కడికి, ఎన్ని రోజులు?’ అంటాను. దాదాపు అందరూ వారం రోజులే వేస్తారు. జెరూసలేం రెండు రోజులు, డమాస్కస్ రెండు రోజులు, ఇంటికి.

అప్పుడు పట్టిక తెరుస్తాను. మొదటి మజిలీ జెనీవా, అక్కడ సోవియట్ విదేశాంగ మంత్రి గ్రోమికో. తర్వాత అల్జీర్స్, ఆ తర్వాత అలెగ్జాండ్రియా. ఇజ్రాయెల్ చేరేసరికి మే నెల వచ్చేసింది. ‘మధ్యలో అల్జీరియా ఎందుకు మేడమ్?’ అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూసేది. సిరియా ఒప్పుకోవాలంటే తాను ఒంటరినని అనుకోకూడదు. అరబ్బు దేశాల మద్దతు, మాస్కో అభ్యంతరం చెప్పకపోవడం ముందే చూసుకోవాలి. ఆ తర్వాత పేజీ నిండా ఇజ్రాయెల్, సిరియా, మళ్లీ ఇజ్రాయెల్, మళ్లీ సిరియా. మధ్యలో సైప్రస్‌లో ఇంకోసారి గ్రోమికో. మే 31న జెనీవాలో సంతకాలు అయ్యేసరికి నెల దాటిపోయింది. పిల్లలు తమ వారం షెడ్యూల్ కాగితం వైపు చూసుకుంటారు. పోయినేడు ఒకమ్మాయి, ‘అన్ని రోజులూ వాషింగ్టన్‌లో ఈయన కోసం కాచుకున్న వాళ్ల సంగతేంటి మేడమ్?’ అంది. ఎంత మంచి ప్రశ్నో!

లోటు కూడా చెప్పాలి. 1971 జులైలో కిసింజర్ సైగాన్, బ్యాంకాక్, ఢిల్లీ మీదుగా పాకిస్తాన్ వెళ్లాడు. అక్కడ కడుపులో బాగోలేదని పైకి చెప్పించి, రహస్యంగా బీజింగ్ వెళ్లి వచ్చాడు. అప్పటికి ఆయన జాతీయ భద్రతా సలహాదారే, విదేశాంగ మంత్రి కాదు. కాబట్టి ఈ పట్టికలో అది ఉండదు. నేను విడిగా కాగితం మీద రాసి ఇస్తున్నా. పట్టికలో ‘పని’ అన్న గడిలో ఒకటి రెండు ముక్కలే ఉంటాయి, కారణం మనమే చెప్పాలి. సొంతంగా చదువుకునేవాళ్లకి తేదీల కుప్పలా అనిపించొచ్చు. పక్కన అట్లాస్, ఆ ఏడాది చరిత్ర తెలిసిన మనిషి ఉంటే మాత్రం దీన్ని మించింది నేను చూడలేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

‘మన పీవీ గారిది కూడా ఇలా ఉందా?’ అని ఈ ఏడాది పిల్లలు అడిగారు. 1980 నుంచి 84 దాకా, మళ్లీ 1988, 89లో ఆయన విదేశాంగ మంత్రి కదా. పాత పేపర్లు చూసి మనమే రాద్దాం అన్నాను. లైబ్రరీలో కూర్చుని లాంగ్ నోట్‌బుక్‌లో అవే నాలుగు గడులు గీశారు. పక్కన ఐదో గడి కూడా కావాలని వాళ్లే పట్టుబట్టారు: ‘ముందు ఈ ఊరే ఎందుకు?’