మూడో డౌన్, ముప్పై గజాలు: ఆర్లింగ్టన్‌లో ఒక చలి రాత్రి, ఒక గెలుపు

ముందే చెప్పేస్తున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో డాలస్ కౌబాయ్స్, ఫిలడెల్ఫియా ఈగల్స్ మ్యాచ్ చూసే అవకాశం వస్తే అప్పు చేసైనా చూడండి. కానీ స్టేడియానికి దగ్గర కదా అని, కౌబాయ్స్ సొంత మైదానం ఉన్న డాలస్ పక్క ఊరు ఆర్లింగ్టన్‌లో చవక మోటెల్ మాత్రం బుక్ చేయకండి. 2022 డిసెంబర్ 24 మ్యాచ్ కోసం హ్యూస్టన్ నుంచి వెళ్లి, ఈ రెండూ ఒకే ట్రిప్‌లో తెలుసుకున్నాం.

నాన్న ఒంగోలు నుంచి ఆరు నెలలకని వచ్చారు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా 34 ఏళ్లు చేసి రిటైరైన మనిషి, ఇంట్లో కూర్చుంటే తోచదు. ఆదివారాలు నా పక్కన కూర్చుని ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టి, మూడు వారాల్లో రూల్స్ పట్టేశారు. నాలుగు ప్రయత్నాల్లో (ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు) పది గజాలు వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, లేకపోతే బంతి అవతలి వాళ్లది. అంతే కదా అన్నారు. అంతే. అందుకే క్రిస్మస్ సెలవులకి ఈ మ్యాచ్ పెట్టుకున్నాం. మా ఆవిడకి ఆట మీద పెద్ద ఆసక్తి లేదు, కానీ డెంటన్‌లో ఎమ్మెస్ చదువుతున్న తమ్ముణ్ణి చూడొచ్చని బయల్దేరింది.

హ్యూస్టన్ నుంచి ఐ-45 మీద 250 మైళ్ల పైచిలుకు. శుక్రవారం పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరాం, దారిలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా మోటెల్‌లో. ఆ వారం అమెరికా సగానికి పైగా చలిగాలుల్లో చిక్కుకుంది, ఎక్కడికక్కడ విమానాలు ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయి, పైపులు పగిలిన రోజులు హ్యూస్టన్‌లో అనుభవించిన వాళ్లం కాబట్టి, రూమ్ బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి హీటర్ పనిచేస్తుందా అని అడిగాను. బ్రహ్మాండంగా పనిచేస్తుందన్నారు. ఆన్‌లైన్‌లో టాక్సులతో కలిపి రాత్రికి 163 డాలర్లు. రిసెప్షన్‌కి వెళ్లేసరికి 'ఈవెంట్ ఫీజు' అని రాత్రికి ఇంకో 40 కట్టమన్నారు. బుకింగ్‌లో ఎక్కడ రాసి ఉందో చూపించమంటే, కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పకుండానే "అందరికీ ఇంతే" అన్నాడు ఆ కుర్రాడు. బయట గాలికి నాన్న కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వాదించే ఓపిక లేక రెండు రాత్రులకీ కలిపి 406 కట్టేశాను.

హీటర్ కిటికీ కింద గోడలో ఉంది. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, గాలి వస్తోంది, వేడి మాత్రం రావడం లేదు. అరగంట చూశాం. నాన్న మోకాళ్ల మీద కూర్చుని, ముందున్న ప్లాస్టిక్ మూత ఊడదీసి, ఫోన్ లైట్ వేసి చూశారు. లోపల దుమ్ము మందంగా పేరుకుపోయి ఉంది. దాని వెనక స్ప్రింగులా చుట్టిన తీగ ఒకచోట తెగి, రెండు కొనలూ నల్లగా మాడి కనిపించాయి. "కాయిల్ కాలిపోయిందిరా. ఇవాళ్టిది కాదు, ఎన్నాళ్ల కిందటో పోయింది. దుమ్ము చూడు" అన్నారు. అంటే ఈ రూమ్‌లో హీటర్ లేదని వాళ్లకి తెలిసే ఇచ్చారు.

కిందకి వెళ్లి చెప్పాను. వేరే రూమ్ లేదు, అన్నీ నిండిపోయాయి. కరెంటు హీటర్ ఏమైనా ఇవ్వమంటే ఫైర్ రూల్స్ ఒప్పుకోవు. డబ్బు తిరిగి ఇచ్చేస్తే వేరే చోటికి వెళ్తామంటే, మేనేజర్ సోమవారం వస్తాడు. నాన్న నా వెనకే దిగి వచ్చారు. ఇంగ్లిష్ పెద్దగా రాదు, కానీ ఒక్క మాట స్పష్టంగా అడిగారు: "కంప్లైంట్ నంబర్?" ఆ కుర్రాడికి అర్థం కాలేదు. నాన్న నా వైపు తిరిగి, "ఫిర్యాదు రాసుకుని నంబర్ ఇవ్వమను. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినా నంబర్ ఇవ్వకుండా మేమెప్పుడూ పెట్టెయ్యలేదు" అన్నారు. నంబర్ ఇవ్వలేదు. రెండు దుప్పట్లు ఇచ్చారు, పల్చటివి.

ఆ రాత్రి ఫోన్‌లో మైనస్ తొమ్మిది చూపించింది. స్వెటర్లు, కోట్లు, మంకీ క్యాపు అన్నీ వేసుకునే పడుకున్నాం. పైపులు గడ్డకట్టకుండా కొళాయి సన్నగా వదిలేసి ఉంచమని రిసెప్షన్ వాళ్లే చెప్పారు, ఆ నీళ్ల చప్పుడు రాత్రంతా. మా ఆవిడ తన కోటు తీసి మావయ్యగారి కాళ్ల మీద కప్పింది. ఆయన వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉన్నారు. డెబ్బై ఏళ్ల మనిషిని అలా చూస్తే నాకు నిద్ర పట్టలేదు. స్టేడియం దగ్గరని, పాతిక డాలర్లు మిగులుతాయని నేనే ఎంచుకున్న చోటు అది.

తెల్లారగానే బావమరిది డెంటన్ నుంచి వచ్చాడు. సంగతి విని, "ఒక్క ఫోన్ కొడితే రాత్రే వచ్చి తీసుకెళ్లేవాణ్ణి కదా బావా" అని కోప్పడ్డాడు. సామాన్లు కారులో వేసుకుని ఖాళీ చేసేశాం. రెండో రాత్రి డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని, వేడి కాఫీ తాగి, ఒంటిగంటకి ఆర్లింగ్టన్ చేరాం. ఆట 3:25కి.

ఆర్లింగ్టన్‌లో రైలు లేదు, మన ఊళ్లలోలా రూటు బస్సులు లేవు. కారు తప్ప దిక్కు లేదు కాబట్టి పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. మేం కొనలేదు. ఒక ఖాళీ స్థలం దగ్గర 80 అని బోర్డు, లోపలికి తిప్పాక 100 అన్నాడు. వెనక పది కార్లు హారన్లు కొడుతుంటే ఇచ్చేశాం. అక్కణ్ణించి ఇరవై నిమిషాలు నడక. గేటు దగ్గర మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఆపేశారు. ఈ లీగ్‌లో ఏ స్టేడియంలోనైనా లోపలివి కనిపించే ప్లాస్టిక్ సంచి తేవాలి, లేదంటే అరచేతి సైజు పర్సు. బావమరిది మళ్లీ కారు దాకా పరిగెత్తాడు.

ఆ గాలిలో నాన్న చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. మా ముందు ఈగల్స్ ఆకుపచ్చ జాకెట్ వేసుకున్న ఒక పెద్దావిడ చూసి, బ్యాగులోంచి రెండు చిన్న పొట్లాలు తీసి, చించి, ఆయన రెండు అరచేతుల్లో పెట్టి వేళ్లు మూసింది. చింపిన కాసేపటికి వాటంతటవే వేడెక్కే హ్యాండ్ వార్మర్లు. "బంగారు తల్లి" అన్నారు నాన్న తెలుగులోనే. ఆవిడ ఫిలడెల్ఫియా నుంచి వచ్చిందట.

లోపల అడుగు పెట్టగానే వెచ్చదనం. పైకప్పు మూసేశారు. 2009లో తెరిచిన స్టేడియం ఇది. మామూలుగా 80 వేల మంది పడతారు, నిలబడే టికెట్లు కలిపితే లక్ష దాకా. మైదానం మధ్యలో వేలాడే స్క్రీన్ 160 అడుగుల పొడవు. మా సీట్లు పై అంతస్తులో, ఫీజులతో కలిపి ఒక్కొక్కటి 186 డాలర్లు. పైన కూర్చోవడమే మంచిదని నా అభిప్రాయం: ఎవరు ఎటు పరిగెడుతున్నారో పటంలా కనిపిస్తుంది, స్క్రీన్ కళ్ల ముందే ఉంటుంది. తక్కువ ధర చూసి నిలబడే టికెట్లు కొంటే మంచి చోటు కోసం గేట్లు తెరవగానే పరుగు తీయాలి. పెద్దవాళ్లతో వద్దు.

ఇక ఆట. ఆ రోజుకి ఈగల్స్ 13 గెలిచి ఒక్కటే ఓడారు. ఇంకొక్కటి గెలిస్తే డివిజన్, అంటే వాళ్ల నాలుగు జట్ల గుంపు, వాళ్లదే; కాన్ఫరెన్స్‌లో, అంటే లీగ్‌లో సగం జట్లలో, మొదటి స్థానమూ వాళ్లదే. అక్టోబర్‌లో వాళ్ల ఊళ్లో 26-17తో మన కౌబాయ్స్‌ని ఓడించారు, అప్పుడు మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, డాక్ ప్రెస్కాట్ గాయంతో ఆడలేదు. ఇప్పుడు భుజం నొప్పితో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ లేడు, బదులుగా గార్డ్‌నర్ మిన్‌షూ ఆడాడు. కౌబాయ్స్ అంతకుముందు ఆదివారమే జాక్సన్‌విల్‌లో 40-34తో ఓడొచ్చారు, ప్రెస్కాట్ విసిరిన బంతిని అవతలివాడు అందుకుని టచ్‌డౌన్‌కి, అంటే మైదానం చివరి గీత దాటేదాకా, పరిగెత్తడంతో.

ఇక్కడా మొదట్లోనే అదే జరిగింది. ప్రెస్కాట్ విసిరిన బంతి ఈగల్స్ ఆటగాడు జాష్ స్వెట్ చేతుల్లో పడింది, 42 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 10-0. మా వరుసలో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. నాన్న జేబులోంచి డైరీ తీసి స్కోరు రాసుకున్నారు. నాకు కడుపులో తిప్పినట్టయింది, ఇంత దూరం, ఇంత చలిలో, ఇందుకేనా వచ్చింది అని. కానీ ఆ తర్వాత ప్రెస్కాట్ ఆడిన ఆట నేను కళ్లారా చూసిన వాటిలో గొప్పది. తప్పు చేసినవాడు సాధారణంగా జంకి చిన్న పాసులకి దిగుతాడు. ఇతను మళ్లీ పొడుగ్గా విసిరాడు, సీడీ లాంబ్‌కి 36 గజాల టచ్‌డౌన్. మొత్తం ఆటలో 35 విసిరితే 27 చేరాయి, 347 గజాలు, మూడు టచ్‌డౌన్లు. లాంబ్ ఒక్కడే పది పట్టి 120 గజాలు తెచ్చాడు. అయినా ప్రతిసారీ ఈగల్స్ ముందుకెళ్లడం, మనవాళ్లు అందుకోవడం. నాలుగో క్వార్టర్‌లో 34-27, వాళ్లదే పైచేయి.

అప్పుడొచ్చింది ఆ డౌన్. ప్రెస్కాట్‌ని వెనక్కి వెనక్కి పడేసి మూడో డౌన్‌కి ముప్పై గజాలు చేశారు. మామూలుగా పది గజాలకి ఆడే ఆట. నాన్న ప్లాట్ల లెక్కలో కొలుస్తున్నట్టు మైదానం వైపు వేలు పెట్టి, "ముప్పై గజాలంటే అదిగో ఆ గీత. అక్కడికెలా పోతార్రా?" అన్నారు. పోలేరు నాన్నా, కాస్త దూరం వెళ్లి నాలుగో డౌన్‌లో బంతి అవతలి వాళ్లకి తన్నేస్తారు అన్నాను. ప్రెస్కాట్ వెనక్కి అడుగులేశాడు, నిలబడ్డాడు, విసిరాడు. బంతి మా కళ్ల ఎత్తుకి లేచినట్టనిపించింది. కింద కుడి, ఎడమ ఎటు చూడాలో తెలియలేదు, స్క్రీన్ చూశాను. టీ.వై. హిల్టన్. 33 ఏళ్లవాడు, ఆ నెలలోనే టీమ్‌లోకి తీసుకున్నారు, కౌబాయ్స్ తరఫున అతనికిదే మొదటి ఆట. అందరినీ దాటేసి, భుజం మీదుగా వచ్చిన బంతిని పరుగాపకుండా పట్టేశాడు. 52 గజాలు!

ఆ కేక నేను వర్ణించలేను. కాళ్ల కింద కాంక్రీటు అదిరింది. ఆటంటే ఆసక్తి లేని మా ఆవిడ సీటు మీదికెక్కి తమ్ముడి భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. అక్కణ్ణించి మైకేల్ గాలప్ టచ్‌డౌన్ చేసి 34-34. తర్వాత డిఫెన్స్ వంతు. డారన్ బ్లాండ్ అవతలివాడి చేతుల్లోంచి బంతి లాగేసుకున్న తీరు చూడాలి, పిల్లాడి చేతిలోంచి బొమ్మ లాక్కున్నట్టు లాక్కున్నాడు. మొత్తం నాలుగుసార్లు ఈగల్స్ బంతి పోగొట్టుకున్నారు. గోల్ కర్రల మధ్యలోంచి బంతి తన్నే మన బ్రెట్ మాహర్ నాలుగు ఫీల్డ్ గోల్సూ కొట్టాడు. 37-34. 40-34. చివర్లో మిన్‌షూ ఎండ్ జోన్, అంటే టచ్‌డౌన్ చేసే చోటు, వైపు విసిరినంతసేపూ నాన్న నా మణికట్టు వదల్లేదు. ఆఖరి బంతి నేలపాలైంది.

హర్ట్స్ ఆడి ఉంటే అని ఫిలడెల్ఫియా వాళ్లు అంటారు. అననివ్వండి. మిన్‌షూ కూడా 350 గజాలు దాటించాడు, క్వార్టర్‌బ్యాక్ లేక ఓడిన ఆట కాదిది. మెట్ల దగ్గర ఆ పెద్దావిడ మళ్లీ కనిపించింది. నాన్న చేతులు జోడిస్తే తనూ జోడించింది.

ఇర్వింగ్‌లో రూమ్ తీసుకున్నాం, 118 డాలర్లు, ఆర్లింగ్టన్ నుంచి దూరం ఎక్కువేమీ కాదు. లోపలికి వెళ్లగానే నాన్న ముందు హీటర్ మీద చెయ్యి పెట్టి చూశారు. వేడి. క్రిస్మస్ ముందు రాత్రి తిండి ఎక్కడ దొరుకుతుందా అనుకుంటే, మెకార్థర్ రోడ్డు మీద ఒక చిన్న తెలుగు హోటల్ తెరిచే ఉంది. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మిరియాల చారు, చివర్లో గడ్డపెరుగు. వడ్డించే అబ్బాయి నాన్నని చూసి అడక్కుండానే నెయ్యి ఇంకో చెంచా వేశాడు. ఆయన చారు గ్లాసులో పోయించుకుని రెండు చేతులా పట్టుకుని తాగారు. నలుగురికి టిప్పుతో 71 డాలర్లు. స్టేడియంలో నాచోలు, పిజ్జా ముక్కలు, నీళ్ల సీసాలకే 58 అయింది, రుచీ లేదు. ఆకలి ఓర్చుకుని ఇర్వింగ్ వచ్చి తినండి.

పెట్రోలు 54తో కలిపి మొత్తం 1,551 డాలర్లు. అందులో ఆ మోటెల్‌కి పోసిన 406 మాత్రమే నన్ను బాధపెడుతోంది. హ్యూస్టన్ తిరిగొచ్చాక హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాను, నాన్న తీసిన కాయిల్ ఫొటో జతచేసి. ఏమీ రాదనుకున్నాను. మూడో రోజు జవాబొచ్చింది: విచారిస్తున్నాం, మీ కేస్ నంబర్ ఇదీ అని. చదివి వినిపిస్తే నాన్న డైరీ తెచ్చి, డిసెంబర్ 24 పేజీ తీశారు. 10-0 దగ్గర్నుంచి వరసగా స్కోర్లు, మధ్యలో '3వ డౌన్, 30 గజాలు, హిల్టన్', చివర 40-34. దాని కింద గీత గీసి, "ఏదీ, నంబర్ మళ్లీ చెప్పు" అన్నారు.