‘ఆలయాలు – గిరిజన సంస్కృతి’ ఒక్కరోజు ప్యాకేజీ: అయిదుకు మూడు

తిరుపతి బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్‌లో ఈ టికెట్టు కొన్నాను. పేరు రాయను, డ్రైవరు పిల్లోడి పొట్టకొట్టడం నాకిష్టం లేదు. సీటుకు 1,400. బోర్డు మీద గుడిమల్లం, శ్రీకాళహస్తి, కలంకారీ, అన్నిటికంటే కింద ‘గిరిజన సంస్కృతి’. ఆ కింది లైను చూసే కొన్నాను. నేను యానాదిని. మమ్మల్ని 1,400కు ఎట్టా చూపిస్తారో చూద్దామనిపించింది.

బండికి వంక పెట్టను. చెప్పిన ఆరున్నరకే వచ్చింది, ఏసీ పనిచేసింది, పిల్లోడు ఫోన్ మాట్లాడుతూ నడపలేదు. నాతోపాటు రాజమండ్రి దంపతులు, హైదరాబాదు నుంచి ముగ్గురు.

గుడిమల్లం ఒక్కటే ఈ డబ్బుకు సరిపోతుంది. రేణిగుంట దాటి, గాజుపూసలకు పేరున్న పాపానాయుడుపేట మీదుగా పోయాం (అక్కడ ఆపలేదు, ఆపాల్సింది). పరశురామేశ్వరాలయం వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గర్భగుడి నేల బాగా పల్లం, పైనుంచి తొంగిచూడాలి. అయిదడుగుల లింగం, దాని ముందువైపు చెక్కిన నిలువెత్తు మనిషి. కుడిచేతిలో తలకిందులుగా వేలాడే పొట్టేలు, ఎడమచేతిలో చిన్న చెంబు, భుజాన గొడ్డలి. కాళ్ళకింద ఒక మరుగుజ్జు. ఒంటిమీద జంధ్యం లేదు. వేటకు పోయి ఇంటికొస్తున్న మా తాతలాగే ఉన్నాడు.

డ్రైవరు పిల్లోడు ‘అయిదు వేల ఏళ్ళ నాటిది సార్’ అన్నాడు. అంత అక్కర్లేదు. క్రీస్తుకు ముందు 2వ, 1వ శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల మాట, ఇంకాస్త తర్వాతదనే వాళ్ళూ ఉన్నారు. ఏ లెక్కన చూసినా తిరుపతి చుట్టుపక్కల ఇంత పాత విగ్రహం నేను చూడలేదు. 1973లో తవ్వినప్పుడు తేలిందేమిటంటే, మొదట్లో దీనికి గుడే లేదు. ఆరుబయట, చుట్టూ రాతి కంచె, అంతే. పల్లవులు, బాణులు, చోళుల శాసనాలన్నీ ఆ తర్వాతి సంగతి. ఇవేవీ చెప్పకుండా ఇరవై నిమిషాల్లో బండెక్కించాడు.

కాళహస్తిలో రాహుకేతు పూజల రద్దీ, దాని గురించి రాసేదేముంది. కానీ కన్నప్ప కొండను కిందినుంచి వేలు పెట్టి చూపించి ‘అదిగో’ అని ఊరుకున్నాడు. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి జెండా ఎక్కేది ఆ కొండమీదే, స్వామి ధ్వజారోహణం దాని తర్వాతే. పుక్కిట నీళ్ళు తెచ్చి అభిషేకం చేసి, మాంసం నైవేద్యం పెట్టిన బోయ తిన్నడికి అంత మర్యాద. గిరిజన సంస్కృతి అని బోర్డు రాసుకున్నవాడు చెప్పాల్సిన మాట ఇదే కదా!

కలంకారీ దుకాణం ఊహించినట్టే. ‘ఏ ట్రావెల్స్ నుంచి వచ్చారు?’ అని ముందే అడిగి పుస్తకంలో రాసుకున్నారు. అయినా లోపల బొమ్మ వేస్తున్న ఆమె దగ్గర నేను అరగంట నిలబడ్డాను. కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరేసిన గుడ్డ, ఇంకా పాలవాసన పోలేదు. వెదురు కలానికి గుడ్డపేలిక చుట్టి, దాన్ని వేళ్ళతో నొక్కుతూ గీత గీస్తోంది. బెల్లం, తుప్పు ఇనుము నానేసి చేసిన కసిమి గీసినప్పుడు పలచగా ఉండి, చూస్తుండగానే నల్లబడింది. కరక్కాయ పని అది. చీరల ధరలు మాత్రం అడగొద్దు.

ఇక ఆఖరి అంకం. తిరుగుదారిలో ఒక ఎస్టీ కాలనీ పక్కన ఆపి, ‘ఇదే సార్ గిరిజన సంస్కృతి. యానాదోళ్ళు. పది నిమిషాలు, ఫోటోలు తీసుకోండి’ అన్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటున్నారు. హైదరాబాదాయన ‘డాన్సు ఏమన్నా చేస్తారా?’ అని అడిగాడు. ఒక పెద్దాయన అరుగుమీద వల బాగుచేసుకుంటుంటే పక్కన పోయి కూర్చున్నాను. ‘ఎవురు నాయనా, ఏ ఊరు?’ అన్నాడు. మా అమ్మ ఊరు చెప్పాను. ‘అయితే మనోడివే’ అని వల పక్కన పెట్టాడు.

చూరుకింద అడుగున చిల్లున్న కుండ ఒకటి బోర్లించి ఉంది. ఫోటోకు అడ్డమని హైదరాబాదాయన దాన్ని కాలితో పక్కకు జరిపాడు. పగిలిన కుండ కాదది. లోపల గడ్డి కూరి నిప్పంటించి, మూతిని ఎలుక బొరియకు ఆనించి, ఆ చిల్లులోంచి ఊదుతారు. పొగంతా బొరియలోకి పోతుంది. ఎలుకలు దాచుకున్న వడ్లు తవ్వితీసి మా తాత ఇంటికి తెచ్చేవాడు. లేచిపోయి కుండను ఎక్కడిదక్కడ పెట్టాను. అప్పుడు పిల్లోడికి అర్థమైంది. ‘సార్, ముందే చెప్పుంటే...’ అన్నాడు. చెప్పుంటే ఆపేవాడివి కాదా అని అడిగితే స్టీరింగ్ వైపు చూశాడు.

మూడు మార్కుల్లో ఒకటి బండికి, రెండు గుడిమల్లానికి. మీరు పోవాలంటే ప్యాకేజీ ఎందుకు, రేణిగుంట నుంచి ఆటో మాట్లాడుకోండి, పొద్దున్నే పోండి.

ఆ మరుసటి ఆదివారం మా అమ్మను అట్లాగే తీసుకుపోయాను. కంచె పట్టుకుని చాలాసేపు కిందికి చూసింది. ‘పొట్టేలా అది? బాగానే పట్టుకున్నాడు. వెనక్కాళ్ళు పట్టుకుంటే తన్నదు’ అంది.